బిడ్డని చూపించేవాళ్ళు

నాకు కోపం ఎక్కువని మా ఛానల్లో అందరికీ తెలుసు. తెలిసీ ఈ పని నాకే అంటగట్టారు. వీధికో న్యూస్ ఛానల్ పుట్టుకొస్తున్న రోజులవి. మాది వెనకబడిపోతోందని మా ఎడిటర్‌కి దిగులు పట్టుకుంది. "మిమ్మల్ని గ్రహాంతరవాసులు ఎత్తుకెళ్ళారా? మాకు ఫోన్ చెయ్యండి" అని టీవీలో స్క్రోలింగ్ వేయించాడు మహానుభావుడు. ఫోన్ చేసినవాళ్ళ ఇళ్ళకి ముందుగా వెళ్ళి, ఎవరిది నిజమో ఎవరిది నాటకమో తేల్చుకు రావడం నా వంతు.

మొదటివాడు కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టు. ఎగిరే పళ్ళెంలో ఏం చూశావయ్యా అంటే, "ముందు నా క్లోజప్ తీయించండి మేడం" అన్నాడు. రెండోవాడికి సనత్‌నగర్‌లో వర్క్‌షాపు ఉంది. రెండు రోజులు ఇంటికి రాకపోవడానికి కారణం గ్రహాంతరవాసులేనని పెళ్ళానికి చెప్పుకున్నాడు. ఆవిడ నా ముందే చెంబు విసిరింది. గురి తప్పింది గానీ, లేకపోతే నాకు ఎంత హాయిగా ఉండేదో.

"అక్కా, నిన్ను ఎత్కపోతె మాత్రం గంటల్నే తెచ్చి దింపిపోతరు. నీ లొల్లి వాళ్ళెక్కడ పడ్తరు?" అని ఏడిపించేవాడు మా కెమెరామన్ మొగిలయ్య.

మూడో ఫోన్ రవళిది. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో టెస్టింగ్ పాఠాలు చెబుతుంది. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులెక్కడున్నాయో వెతికి పట్టుకునే విద్య అది. ఊళ్ళ నుంచి దిగిన పిల్లలు ఆ క్లాసులో కుర్చీల్లేక కిటికీల్లో కూర్చుని వింటారట. ఇల్లు పంజాగుట్టలో, మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక అపార్టుమెంటు పై అంతస్తులో. శనివారం సాయంత్రం వెళ్ళాం.

తలుపు తీసిన ఆమె భర్త కేదార్ కెమెరా చూసి మొహం మాడ్చుకున్నాడు. "మా ఆవిడకి ఒంట్లో బాగోదండీ. దయచేసి వెళ్ళిపోండి" అన్నాడు. "ఎవర్రా?" అంటూ వాళ్ళమ్మ అరుణాదేవి వంటింట్లోంచి వచ్చింది. ఇద్దరినీ తప్పించుకుని రవళి బయటికి వచ్చి, "నేనే రమ్మన్నాను" అని మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్ళింది. ఇంకో నాటకం చూడ్డానికి నేను సిద్ధపడే వెళ్ళాను.

"పోయిన ఏడాది, నిండు నెలల్లో నన్ను తీసుకెళ్ళారు మేడం" అని మొదలుపెట్టింది. "నడుం కింద నాది కానట్టు ఉంది. కదలలేకపోయాను. పైన గుండ్రటి పెద్ద దీపం, అందులో చిన్న చిన్న దీపాలు. చుట్టూ వాళ్ళు. నోళ్ళు లేవు, కళ్ళే ఉన్నాయి. వాళ్ళలో వాళ్ళు గబగబా ఏదో మాట్లాడుకున్నారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. నా కడుపులోంచి బిడ్డని తీసుకుని వెళ్ళిపోయారు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆపరేషన్ థియేటర్ దీపం, మొహాలకి మాస్కులు, మలయాళం మాట్లాడుకునే నర్సులు. మా అక్క కాన్పప్పుడు నర్సింగ్ హోమ్‌లో పడి ఉన్నదాన్ని, నాకు తెలియదా?

"అది దవాఖాన రవళీ. నీకు ఆపరేషన్ చేసిండ్రు, గంతే" అన్నాను.

"దవాఖానని నాకూ తెలుసు మేడం. అక్కడి నుంచే తీసుకెళ్ళారంటున్నాను."

"బిడ్డ..." అని ఆగిపోయాను.

"పోయిందంటారు మీరు. సరే, ఎవరు చూశారు?" ఆమె ఏడవడం లేదు. క్లాసులో పాఠం చెబుతున్నట్టే ఉంది గొంతు. "ఎవరైనా పోతే దూరాన ఉన్నవాళ్ళని కూడా పిలిచి ఆఖరిచూపు చూపిస్తారు కదా. నాకు తెలివొచ్చేసరికి పక్కన ఎవరూ లేరు. బిడ్డ ఏదంటే, ఇప్పుడవన్నీ ఎందుకన్నారు. ఆడో మగో కూడా చెప్పలేదు. పాలు ఎండిపోవడానికి మాత్రలిచ్చారు. ఇంటికొస్తే స్కానింగ్ కాగితాలు లేవు, సీమంతం ఫొటోలు లేవు. నెల తిరక్కుండా ఇల్లు మార్చేశారు. ఈ అపార్టుమెంటులో అందరికీ నాకు అపెండిసైటిస్ ఆపరేషన్ అయిందని చెప్పారు. ఈ ఇంటి లెక్క ప్రకారం అసలు బిడ్డే లేదు. మరి నేను మోసింది ఎవరిని?"

మొగిలయ్య కెమెరా భుజం మీంచి దింపేశాడు.

"కళ్ళతో చూడందే దేన్నీ అయిపోయిందని రాయకూడదని మా క్లాసు పిల్లలకి రోజూ చెబుతాను మేడం. చూపించాలి కదా? నెట్ సెంటర్‌లో కూర్చుని వెతికాను. వేరే దేశాల్లో ఆడవాళ్ళు రాసుకున్నవి దొరికాయి. అచ్చం నాలాగే. అదే దీపం, అవే కళ్ళు. వాళ్ళు బిడ్డల్ని చంపరట. పెంచుతారట. అప్పుడప్పుడూ తల్లిని తీసుకెళ్ళి చూపిస్తారట!" అప్పుడు వెలిగింది ఆమె మొహం. "నన్నింకా పిలవలేదు. ఇల్లు మారాం కదా, ఎక్కడున్నానో తెలియలేదేమో. అందుకే మీకు ఫోన్ చేశాను. టీవీలో వస్తే వాళ్ళకి తెలుస్తుంది."

మాట్లాడుతూనే పిట్టగోడ ఎక్కి కూర్చుంది. ఐదంతస్తుల కింద ఆటోలు హారన్లు కొడుతున్నాయి.

"ఓ చెల్లె, గట్ల కూసోకు! జర దిగు" అని మొగిలయ్య ఒక్క అంగలో వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడైతే బాగా కనిపిస్తాను అన్నా. రోజూ ఇక్కడే కూర్చుంటాను" అంది.

గ్రహాంతరవాసులూ లేరు, గాడిదగుడ్డూ లేదని ఆమె చేత ఒప్పించడం నాకు ఎంతసేపు పని? ఒప్పించాక ఈ పిల్ల తన బిడ్డని చూసుకోవడానికి ఇంకెక్కడికి వెళ్ళాలి? ఆ ఒక్క ఆశతోనే బతుకుతోంది. ఆ ఆశే ఆమెని పిట్టగోడ కూడా ఎక్కిస్తోంది. చెయ్యి వదలొద్దని మొగిలయ్యకి సైగ చేసి గబగబా మెట్లు దిగాను.

"అసలు మీరు మనుషులేనా?" అన్నాను గుమ్మంలోంచే. "పైన పిట్టగోడెక్కి కూసుంది మీ కోడలు. కన్నబిడ్డ మొహం ఒక్కసారి చూడాలని. ఎరుకేనా మీకు?"

కేదార్ పైకి పరిగెత్తబోయాడు. "ఆగు, మావాడు పట్టుకున్నడు. ముందు బిడ్డ ఏమైందో చెప్పు" అన్నాను.

"కాస్త మెల్లిగా అమ్మా, పక్కవాళ్ళు వింటారు" అంది అరుణాదేవి. "కడుపులోనే పోయింది. ప్రాణం లేని బిడ్డని కన్నతల్లికి చూపించకూడదు. మా వైపు అంతే. చూస్తే బెంగ పెట్టుకుంటుంది, మళ్ళీ కడుపు పండదంటారు. మనం ఊసెత్తకుండా ఉంటే అదే మర్చిపోతుందని..."

"మర్చిపోయానా అత్తయ్యా?"

రవళి గుమ్మంలో నిలబడి ఉంది. వెనకే మొగిలయ్య, ఆమె మోచెయ్యి ఇంకా వదల్లేదు.

"నువ్వు చూశావా?" అని భర్తని అడిగింది.

కేదార్ తల అడ్డంగా ఊపాడు. "టవల్లో చుట్టి నా చేతుల్లో పెట్టారు. విప్పొద్దంది అమ్మ. ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఇక్కడే, పంజాగుట్ట శ్మశానంలో, గోడవార పూడ్చాం. దారంతా విప్పుదామనిపించింది రవళీ. ధైర్యం చాల్లేదు. దగ్గర్లో ఉండొచ్చనే ఈ ఇల్లు తీసుకున్నాను."

అరుణాదేవి కొడుకు వైపు తెల్లబోయి చూసింది. ఆ సంగతి ఆవిడకీ తెలియదు.

"అయితే ఎవరూ చూడలేదు" అంది రవళి. ఆ మాట అన్న తీరుకి నాకు భయం వేసింది. ఆమె చూపు మళ్ళీ డాబా మెట్ల వైపు పోయింది.

"నేను చూశాను" అంది అరుణాదేవి.

కుర్చీలో కూలబడి, చీర చెంగు వేళ్ళకి చుట్టుకుంటూ చెప్పింది. "ఆడపిల్ల. ఆయా స్నానం చేయిస్తానంటే ఇవ్వలేదు, నేనే పోశాను. తలనిండా జుట్టు. గడ్డం మీద నీకున్నట్టే చిన్న సొట్ట. ఎడమకాలి చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి ఉంది, మావాడిలాగే. గోళ్ళు బాగా పెరిగాయి. గీరుకుంటుందేమో, కత్తిరించాలి అనుకున్నాను. అనుకున్నాక..." చెంగు చుట్టుకుంటున్న వేళ్ళు ఆగిపోయాయి.

రవళి వెళ్ళి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుంది. రంగు ఎవరిదని అడిగింది. కనురెప్పలు పొడుగ్గా ఉన్నాయా అని అడిగింది. చేతులు ముడిచి ఉన్నాయా, చాపి ఉన్నాయా అని అడిగింది. అడిగినవన్నిటికీ అరుణాదేవి తడుముకోకుండా జవాబు చెప్పింది. ఏడాదిగా రోజూ తలుచుకుంటున్న మనిషికి తప్ప అంత గుర్తుండదు. కేదార్ గోడకి చేరగిలబడి, తన కూతురు ఎలా ఉండేదో తొలిసారి వింటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. మొగిలయ్య కెమెరా తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

"చూడకూడదంటారు కదా అత్తయ్యా, మరి మీరెందుకు చూశారు?" అంది రవళి చాలాసేపటికి. నిష్ఠూరంగా అనలేదు, తెలుసుకుందామని అడిగింది.

"వీడికంటే ముందు నాకొక బిడ్డ పుట్టి పోయింది" అంది అరుణాదేవి. "నాకు చూపించలేదు. మా అత్తగారు చూసింది. అడగడానికి నాకు భయం, చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. ఆవిడా పోయింది, ఇంక చెప్పేవాళ్ళు లేరు. నీ బిడ్డని చేతుల్లోకి తీసుకుంటే, నా బిడ్డ ఎలా ఉండేదో కొంచెమైనా తెలుస్తుందేమోనని చూశానమ్మా."

"ఆడో మగో అయినా తెలుసా?" అని అడిగింది రవళి.

అరుణాదేవి కోడలి తల మీద చెయ్యి వేసి, తెలియదంది.