తేమ గది

"మళ్ళీ ఏం నొక్కావు?" అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండానే.

ఆమె ఏమీ నొక్కలేదు. వెనకగదిలో తేమ లాగే మిషను నాలుగు రోజులుగా ఆగడం లేదు, అంతే. గాలిలో తేమ యాభై శాతానికి దిగితే అది దానంతటదే ఆగిపోవాలి. ఇది మాత్రం పొద్దస్తమానం ఒకటే హోరు. వచ్చే వారం అత్తగారు ఇక ఇక్కడే ఉండిపోవడానికి వస్తున్నారు. ఆవిడకి ఆయాసం. చెమ్మ పట్టిన గదిలో పడుకోబెట్టకూడదని భర్త ఆ మిషను కొన్నాడు. రోజుకి రెండుసార్లు దాని తొట్టిలో నీళ్ళు మోసుకెళ్ళి బాత్రూంలో పారబోసేది ఆమె. ఆ పని నీదని ఎవరూ పురమాయించలేదు. ఆ ఇంట్లో చాలా పనులు అలాగే, చెప్పాపెట్టకుండా వచ్చి ఆమె ఒళ్ళో కూర్చున్నాయి.

"నీకు మిషన్లు అచ్చిరావు. మిక్సీ గుర్తులేదూ?"

గుర్తుంది. పన్నెండేళ్ళ కిందట కాలిపోయిన మిక్సీ. కాల్చింది ఆడపడుచు. కానీ చెప్పగా చెప్పగా ఎప్పుడో ఆ కథలోకి ఆమె చెయ్యి వచ్చి చేరింది. ఆమె కూడా దిద్దడం మానేసింది.

ఆమె పనిచేసేది ఆసుపత్రి ల్యాబులో. అక్కడ రక్తపరీక్షల మిషను మొరాయిస్తే, కంపెనీకి ఫోన్ చేసేముందు "మేడమ్‌ని పిలవండి" అంటారు. ఆ సంగతి ఇంట్లో ఒక్కసారే చెప్పింది. "అక్కడ ఇంకెవరూ లేరేమోలే" అని నవ్వాడు భర్త. మళ్ళీ చెప్పబుద్ధి కాలేదు.

ఆదివారం భోజనాలయ్యాక, గిన్నెలు కడిగేసి, వెనకగదిలో చతికిలబడింది. ఫిల్టర్ నిన్ననే కడిగింది. తొట్టి సరిగ్గానే కూర్చుంది. ఆగకుండా నడిపించే మీట కూడా నొక్కి లేదు. పది నిమిషాలు ప్లగ్గు పీకి పెట్టినా లాభం లేకపోయింది. కానీ రోజుకి రెండుసార్లు నిండే తొట్టి ఇప్పుడు అడుగు కూడా తడవడం లేదు. అంటే గదిలో తేమ లేదు. ఉందని మిషను అనుకుంటోంది. ల్యాబు నుంచి అడిగి తెచ్చిన తేమ కొలిచే చిన్న మీటరు గదిలో పెట్టి చూస్తే నలభై ఎనిమిది. మిషను మీద ఎనభై ఐదు.

ప్లగ్గు తీసి, వెనక జాలీ మరలు విప్పింది. గాలి లోపలికి వెళ్ళే దారిలో వేలిగోరంత సెన్సర్, దాని మీద దుప్పటి కప్పినట్టు దుమ్ము. మెత్తటి బ్రష్‌తో ఊపిరి బిగబట్టి దులిపింది. మళ్ళీ బిగించి ప్లగ్గు పెట్టింది. అంకెలు దిగసాగాయి. అరవై రెండు. యాభై ఐదు. నలభై తొమ్మిది. టక్కుమంది, మిషను ఆగింది.

ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పక్కగదిలో ఫోనులో మాట్లాడుతున్న భర్త గొంతు మాత్రం తగ్గలేదు, హోరుకి అలవాటుపడిన గొంతు కదా.

"అమ్మకేం లోటుండదక్కా. ఈవిడ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తుందిగా... లేదు, తనకింకా చెప్పలేదు. చెప్తే సరిపోతుంది. ఎదురు చెప్పే మనిషి కాదు."

ఆమె బ్రష్ పట్టుకుని అలాగే కూర్చుంది. కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. ఆ చివరి మాట ఆయన మెచ్చుకోలుగా అన్నాడు, అది ఆమెకి తెలుసు. పెళ్ళిచూపుల్లో తండ్రి కూడా ఇదే అన్నాడు, అంతే మెచ్చుకోలుగా. పద్దెనిమిదేళ్ళలో ఎన్నిసార్లు ఎదురు చెప్పాలనుకుందో లెక్కపెట్టబోయింది. పొయ్యి మీద పాలో, బస్సు టైమో, పిల్ల హోంవర్కో అడ్డొచ్చి మింగేసినవే అన్నీ. ఒప్పుకున్నవి కావు. కానీ మింగిన మాటకీ, ఒప్పుకున్న మాటకీ బయటివాళ్ళకి తేడా ఏం తెలుస్తుంది?

చేతులు తుడుచుకుని పక్కగదిలోకి వెళ్ళింది.

"ఆగిందే! నేన్చెప్పలా, దానంతటదే సర్దుకుంటుందని" అన్నాడు భర్త.

"ఫోన్ ఒకసారి ఇవ్వండి."

ఏ వంటసంగతో అడుగుతుందనుకుని ఇచ్చేశాడు.

"వదినగారూ, అత్తయ్యగారి గది సిద్ధంగా ఉంది. ఎప్పుడు వచ్చినా సరే. నేను మాత్రం ఉద్యోగం మానడం లేదు. సాయంత్రం నేనొచ్చేదాకా ఆవిడ దగ్గర ఎవరుంటారో మీరిద్దరూ అనుకోండి."

"అదేంటమ్మా, మరి వాడు చెప్పాడే..."

"మీ తమ్ముడు మీకు చెప్పారు వదినా. నన్ను అడగలేదు."

భర్త లేచి నిలబడ్డాడు. ఆమె కదల్లేదు. ఫోనులో ఆడపడుచు గొంతు వినిపించింది.

"నాకు వారంలో రెండు రోజులు వీలవుతుంది. మరి ఆదివారం పోను మిగతా నాలుగు?"

ఆమె ఫోన్ తీసుకెళ్ళి భర్త చేతిలో పెట్టింది.

"మిగతా నాలుగు రోజుల సంగతి అడుగుతున్నారు. చెప్పండి."