సోల్వీ రాసుకున్న సున్నా

"తను తాగదండీ, చేసి పెడుతుందంతే" అన్నాడు మా ఆయన తైస్తో. నర్సు అడిగిందేమో నన్ను.

ప్రశ్న చిన్నదే. రోజుకు ఎన్ని గ్లాసుల తీపి పానీయం తాగుతారు అని. సోల్వీ అనే ఆ నర్సుది మా అమ్మాయి వయసు. నా ఎడమ కిడ్నీలో చెర్రీ పండంత గడ్డ ఉంది, క్యాన్సరే అన్నారు, రెండు వారాల్లో ఆపరేషన్. పొగ తాగుతారా, బీపీ ఉందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడుగుతూ అడుగుతూ చివర్లో ఇది అడిగింది. "తీపి పానీయాలకీ దీనికీ సంబంధం ఉందో లేదో డాక్టర్లు ఇంకా తేల్చలేదండీ. అందుకే వచ్చినవాళ్లందర్నీ అడిగి రాసుకుంటున్నాం" అంది. నేను తలూపాను. ముప్పై నాలుగేళ్లుగా నన్ను అడిగినవాటికి తైస్తో జవాబు చెబుతుంటే తలూపడం నా మెడకు అలవాటైపోయింది. ఆ పిల్ల సున్నా అని రాసుకుంది.

కారులో ఇంటికి బయల్దేరాం. భయం వేస్తే ఈ మనిషి నాకు పని చెబుతాడు, అది తనకే తెలియదు. మా ఊరి సరస్సు కనబడే మలుపులో అననే అన్నాడు. "ఆపరేషన్ అయ్యాక బరువులెత్తకూడదంటగా. బెర్రీలు ఆగవు మరి. ఈ వారంలోనే రసం పని కానిచ్చెయ్యి, ఐలా." కోపం రాలేదు. తోటలో పొదలు నిజంగానే ఎర్రగా విరగకాసి ఉన్నాయి.

మర్నాడే పళ్లు కోసి, అటక మీంచి ఆవిరి గిన్నె దింపాను. మూడంతస్తుల గిన్నె. కింద నీళ్లు, పైన పళ్లు, నడుమ రసం, ఆ రసం సీసాల్లోకి దిగడానికి పక్కన రబ్బరు గొట్టం. మా దేశంలో ఇది లేని వంటిల్లుండదు. మెహుమైయా అంటారు, రసాల మైయా అని. పొద్దస్తమానం పొయ్యి మీద కూర్చునేది కదా, గిన్నెకైనా ఆడపేరే పెట్టారు. నీళ్లు మరిగేసరికి కిటికీ అద్దం మసకబారి సరస్సు మాయమైంది, ఆ తర్వాత పడవ, పడవ పక్కన తైస్తో. ఆ తెల్లటి ఆవిరిలో నేనొక్కదాన్నే మిగిలాను, కాళ్లు నేలకు ఆనుతున్నట్టే లేదు. గొట్టంలోంచి చుక్క చుక్క రసం దిగుతుంటే నా ఎడమ డొక్కలోంచే దిగుతున్నట్టుంది. నొప్పి లేదు, వెచ్చగా ఉందంతే. పోయి పదకొండేళ్లయినా అత్తగారు ఏటా ఈ ఆవిరిలోకి వస్తారు. ఈసారీ వచ్చి భుజం పక్కన నిలబడ్డారు. "ఇంకో గరిటె చక్కెర వెయ్యవే అమ్మాయ్. నా కొడుక్కి పులుపు పడదు." వేశాను. ఏటా వేస్తాను. నా నాలుకకు పులుపే ఇష్టమన్న సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

శనివారం అమ్మాయి మేరీ, అల్లుడు, మనవలిద్దరు వచ్చారు. ఆవిరిస్నానం చేసి, ఎర్రబడ్డ మొహాలతో వరండాలో కూర్చుని కొత్త రసం తాగారు. "అమ్మ చేతి రసానికి సాటి లేదు" అంది మేరీ. అని, సగం గ్లాసు వదిలేసింది. అందరూ అంతే, సగం తాగుతారు, కబుర్లలో పడతారు. నేను గ్లాసులన్నీ పళ్లెంలో పెట్టుకుని సింకు దగ్గరికి వెళ్లాను. అలవాటుగా ఒకటెత్తాను. పెదవికి తియ్యగా తగిలింది. ఎన్ని గ్లాసులు అన్న సోల్వీ గొంతు అప్పుడు మళ్లీ వినబడింది.

పెళ్లయిన మొదటి శనివారం, ఇదే సింకులో, మిగిలిన రసం ఒంపబోతే అత్తగారు నా మణికట్టు పట్టుకున్నారు. "యుద్ధమప్పుడు చక్కెర కూపన్ల మీద ఇచ్చేవాళ్లే. పారబోసే చెయ్యి ఈ ఇంటికొద్దు." అని ఒక గ్లాసు తను తాగి, రెండోది నా చేతికిచ్చారు. ఆకలి చూసిన మనిషి, ఆవిణ్ణి ఏమీ అనలేను. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో మిగిలిందంతా నా గొంతులోకే పోయింది. భోజనాల దగ్గరవి, పుట్టినరోజులవి, పిల్లలు ఎంగిలి చేసినవి, సీసా అడుగున చక్కెర పేరుకున్నవి. నా కోసం అంటూ ఒక్కనాడూ ఒక గ్లాసు పోసుకోలేదు. అందుకే తైస్తో అన్నది అబద్ధం కాదని నేనూ నమ్మాను. ఈ గడ్డ దానివల్లే వచ్చిందని డాక్టరే అనలేదు, నేనూ అనను. కానీ నా ఒంటిలోకి పోయినదాన్ని పోలేదని రాసుకున్నారు. ఆ సంగతి నన్ను గడ్డకంటే ఎక్కువగా ఏడిపించింది.

కళ్లు తుడుచుకుని పళ్లెం వరండాలోకి తిరిగి తెచ్చాను. ఎవరి గ్లాసు వాళ్ల ముందు పెట్టాను. ఏ గ్లాసు ఎవరిదో చూడకుండా చెప్పగలను.

"ఇదేంటమ్మా?" అంది మేరీ.

"మీవే. మీరే తాగండి."

"కడుపు నిండిందే. పారబోసెయ్యొచ్చుగా" అన్నాడు తైస్తో.

"పారబోసెయ్యొచ్చా?" అన్నాను. "ముప్పై నాలుగేళ్లలో ఆ మాట ఇవాళే విన్నాను."

తైస్తో నా మొహంలోకి చూశాడు, తర్వాత గ్లాసులోకి. చిన్న మనవడు మాత్రం బుద్ధిగా తనది తాగేశాడు.

"మిగతా పొదలు?" అన్నాడు తైస్తో, గొంతు తగ్గించి.

"పిట్టలు తింటాయిలే. నీకు కావాలంటే గిన్నె పొయ్యి పక్కనే ఉంది."

సోమవారం పొద్దున ఆసుపత్రికి నేనే ఫోన్ చేశాను. తైస్తో బల్లకు అటువైపు కూర్చుని ఉన్నాడు, ఈసారి నోరు తెరవలేదు.

"సోల్వీ గారూ, నేను ఐలాని. ఆ సున్నా కొట్టెయ్యండి."

"అలాగేనండీ. మరి రోజుకు ఎంతని రాయమంటారు?"

"మా ఇంట్లో అందరూ వదిలేసినంత."