రెండు తెలుపులు

కంటికట్టు విప్పించుకొని ఇంటికి వచ్చిన రోజు మా గది గోడ నీలంగా కనిపించింది.

ముందు వేరే ఇంట్లోకి వచ్చానేమో అనుకున్నాను. తాళం మాదే. కుర్చీ మీద వదిలేసి వెళ్ళిన తువ్వాలు నాదే. గోడ మాత్రం ఎవరిదో. మరీ ముదురు కాదు, కొంచెం ఊదా కలిసిన లేత నీలం. ఆపరేషన్ అయిన కుడి కన్ను మూసి, ఇంకా ఆపరేషన్ కాని ఎడమ కంటితో చూశాను. తెల్లగా, కాస్త మురికిగా ఉంది. మూడేళ్ళుగా నాకు తెలిసిన గోడ అదే. మళ్ళీ కుడి కన్ను తెరిచాను. నీలం.

ఆ సాయంత్రమంతా ఒక కన్ను మూస్తూ ఇంకో కన్ను తెరుస్తూ మంచం మీదే కూర్చున్నాను. ఎవరైనా కిటికీలోంచి చూస్తే, ఈ వయసులో ఈవిడ గోడకి కన్ను కొడుతోందేమిటి అనుకునేవాళ్ళు. చూసేవాళ్ళెవరూ లేరు, అది వేరే సంగతి.

ఆ గోడకి రంగు వేసింది మా చెల్లి. ఒక సెలవు రోజున నన్ను బజారుకి పంపి, సామాను అంతా ఒక మూలకి నెట్టి, ఒక్కతే వేసింది. నేను వచ్చేసరికి మోచేతుల దాకా రంగు పూసుకొని నిలబడి, "ఎలా ఉందక్కా?" అని అడిగింది.

"సున్నం వెయ్యడానికి రోజంతా పట్టిందా?" అన్నాను.

"సున్నమా?" అంది.

"సున్నం కాకపోతే వెన్నా?" అని నా హాస్యానికి నేనే నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. అది చాలాసేపు అక్కడే నిలబడి ఉండటం మాత్రం గుర్తుంది.

నా పని ఏమిటో చెప్పకపోతే ఈ గోడ గొడవ అర్థం కాదు. నేను అద్దకం మిల్లులో రంగు సరిచూసే మనిషిని. కొనేవాళ్ళు అరచేయంత గుడ్డముక్క పంపి, ఇదే రంగులో ఇన్ని వేల మీటర్లు కావాలంటారు. మావాళ్ళు అద్దిన ముక్కని దాని పక్కన పెట్టి, సరిపోయిందో లేదో నేను చెప్పాలి. దానికోసం ఒక గది ఉంది. గోడలు బూడిదరంగు, బల్ల బూడిదరంగు, నేను తొడుక్కునే కోటూ బూడిదరంగే. పక్కన ఏ రంగున్నా అది గుడ్డ మీదికి పాకి కంటిని మోసం చేస్తుంది. ప్రపంచానికి రంగులు పంచే మనిషి ముప్ఫై ఒక్క ఏళ్ళు బూడిదలో కూర్చుంది. బల్ల మీద ఒక దీపాల పెట్టె. ఒక మీట నొక్కితే పగటి వెలుగు, ఇంకోటి నొక్కితే దుకాణాల ట్యూబులైటు, మూడోది నొక్కితే ఇళ్ళలో ఉండే పసుపు బల్బు. పగటి వెలుగులో కవలల్లా ఉన్న ముక్కలు బల్బు కిందకి రాగానే తోటికోడళ్ళలా ముఖాలు తిప్పుకుంటాయి. మూడు దీపాల కిందా సఖ్యంగా ఉంటేనే చీటీ మీద సంతకం పెడతాను. మిల్లులో నన్ను డేగకన్ను అంటారు. ఎదురుగా అనరు గానీ, నాకు వినబడేటంత దూరంలోనే అంటారు.

చెల్లి నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్నది. అమ్మ పోయాక నేనే పెంచాను. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. చెయ్యాల్సిన వయసులో ఎవరూ పట్టించుకోలేదు, ఎవరో పట్టించుకునే వేళకి మాకే అక్కర్లేకపోయింది. మిల్లులో చివరి తనిఖీ బల్ల దగ్గర దానికి పని ఇప్పించింది కూడా నేనే. ఆ సంగతి నెలకోసారైనా దానికి గుర్తు చేసేదాన్ని.

గోడకి రంగు వేసిన కొన్నాళ్ళకి ఒక హోటలు కర్టెన్ల కోసం పాలతెలుపు గుడ్డ అద్దాల్సి వచ్చింది. రెండు విడతలుగా అద్దారు. రెండూ చూసి సంతకం పెట్టాను. ఆ మధ్యాహ్నం చెల్లి రెండు ముక్కలు పట్టుకొని నా గదికి వచ్చింది.

"అక్కా, రెండో విడత పచ్చబడింది. ఒకసారి చూడు."

పెట్టెలో పెట్టి మూడు దీపాలూ వేసి చూశాను. "రెండూ ఒకటే."

"సరిగ్గా చూడక్కా. నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది."

"పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగానే కనపడుతుందట. వెళ్ళి ముఖం కడుక్కో."

గదిలో అద్దకం పనివాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళు నవ్వారు. చెల్లి వాళ్ళ వైపు చూడలేదు. "పోనీ నీ కళ్ళు ఒకసారి డాక్టరుకి చూపించుకో," అంది నెమ్మదిగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా సంతకం కింద సంతకం పెట్టడానికే నిన్ను ఇక్కడ పెట్టారు. నాకు పరీక్షలు పెట్టడానికి కాదు," అన్నాను. ఇప్పుడు ఆ మాట రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. అది సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా సరుకంతా వెనక్కి వచ్చింది. హాల్లో వరసగా వేలాడదీస్తే సగం కర్టెన్లు తెల్లగా, సగం పాత పుస్తకంలో కాగితాల్లా ఉన్నాయట. మేనేజరు మా ఇద్దరినీ పిలిచి, పొరపాటు ఎక్కడ జరిగిందని అడిగాడు.

"నా బల్ల మీద సరిగ్గానే ఉందండి. ఆ తర్వాత ఏ తానులో ఏది కలిసిందో నాకేం తెలుసు?" అన్నాను.

మేనేజరు చెల్లి వైపు తిరిగాడు. చెల్లి నా వైపు చూసింది. ఆ చూపును నేను కోపం అనుకున్నాను. కాసేపటికి, "పొరపాటు నాదేనండి. వేరే సరుకు కలిసిపోయింది, చూసుకోలేదు," అంది.

ఆ రోజే దాన్ని పనిలోంచి తీసేశారు. నేను అడ్డుపడలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించే మనిషి దగ్గరికి ఎదుటివాళ్ళే వచ్చి, అవును, మూడే అని ఒప్పుకుంటే ఎంత హాయిగా ఉంటుందో నన్నడగండి. పదకొండు రోజులు ఇంట్లో దానితో మాట్లాడలేదు. పన్నెండో రోజు మిల్లు నుంచి వచ్చేసరికి దాని పెట్టె లేదు. బల్ల మీద ఒక చీటీ ఉంది. రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో దారాలు, బొత్తాల దుకాణంలో పని దొరికిందని, మేడ మీద గది కూడా ఇచ్చారని, వంట చేసి మూత పెట్టానని రాసింది.

మొదట్లో కోపంతో బతికాను. కోపం మంచి తోడే, ఇల్లంతా తనే ఆక్రమిస్తుంది. అది సన్నగిల్లాక ఇల్లు మరీ పెద్దదైపోయింది. రెండు గదుల్లో ఒకదానికి పనే లేకుండా పోయింది. తాళం తీస్తూ "వచ్చానే" అనే అలవాటు మాత్రం పోలేదు. అన్నాక ఒక క్షణం ఆగేదాన్ని కూడా. ఉత్తరం రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. తప్పు చేసింది అది, ముందు రాయాల్సింది కూడా అదే అని ప్రతిసారీ లేచిపోయాను.

ఈలోగా దీపాల చుట్టూ వలయాలు కనిపించడం మొదలైంది. మెట్టు తప్పి పడ్డాక గానీ ఆస్పత్రికి వెళ్ళలేదు. శుక్లం అన్నారు, ముందు కుడి కంటికి ఆపరేషన్ చేస్తామన్నారు. ఆ రోజు నర్సు, "మీతో ఎవరొచ్చారమ్మా?" అని అడిగింది. ఎవరూ రాలేదంటే చెయ్యరేమోనని, "మా చెల్లి బయట కూర్చుంది," అన్నాను. నర్సు వసారాలోకి వెళ్ళి, "పెద్దావిడ చెల్లెలు ఎవరండీ?" అని మూడుసార్లు కేక వేసింది. లోపల మంచం మీద పడుకొని ఆ మూడు కేకలూ విన్నాను. మూడోసారి, ఎవరైనా పలుకుతారేమోనని నిజంగానే ఎదురుచూశాను.

గోడ నీలంగా కనిపించిన మర్నాడు మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టరు చిన్నపిల్ల, చలాకీది.

"మా గోడ నీలంగా కనిపిస్తోంది డాక్టరమ్మా. ఎందుకంటారు?"

"నీలంగా ఉంది కాబట్టి," అని నవ్వింది. తర్వాత బల్ల మీద ప్లాస్టిక్ కన్ను తీసి చూపించింది. "మీ కంట్లో అద్దం ముదిరి పసుపు తిరిగింది. అందులోంచి నీలం సరిగ్గా లోపలికి రాదు. పాతది తీసేశాం కదా, ఇప్పుడు వస్తోంది."

"ఎన్నాళ్ళ నుంచి అలా ఉండుంటుంది?"

"ఎడమది చూస్తుంటే నాలుగైదేళ్ళ నుంచే. ఒక్కసారిగా రాదమ్మా ఇది, రోజుకి ఇంత అని వస్తుంది. అందుకే మనిషికి తెలీదు."

అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఎలాగో అడిగాను. "తెలుపుకీ, కాస్త పచ్చబడిన తెలుపుకీ తేడా తెలుస్తుందా అలాంటి కంటికి?"

"అదే కష్టం. లేత రంగుల్లోనే బాగా మోసపోతారు. మీరేం చేస్తుంటారమ్మా?"

"మిల్లులో పని," అన్నాను. ఏం పని అని ఆవిడ అడగలేదు, బతికించింది.

ఇంకా సెలవులోనే ఉన్నా, భోజనాల వేళ చూసి మిల్లుకి వెళ్ళాను. నేను సంతకం పెట్టిన ప్రతి సరుకులోంచీ ఒక ముక్క కత్తిరించి, అట్టకి అంటించి, వెలుగు తగలకుండా ఇనప బీరువాలో దాస్తాం. ఆ హోటలు అట్టలు రెండూ తీసి పెట్టెలో పెట్టి, పగటి దీపం వేశాను. ఎడమ కంటితో చూస్తే రెండూ ఒకటే. ప్రమాణం చేసి చెప్పగలను, ఒకటే. కుడి కంటితో చూశాను. ఒకటి తెలుపు. రెండోది పసుపు. పసిపిల్లని అడిగినా చెబుతుంది.

ఆ ముక్కలు తనిఖీ బల్ల దగ్గర కత్తిరించినవి కావు. నా చేత్తో, నా బల్ల మీద, చెల్లి దగ్గరికి వెళ్ళకముందే నేను కత్తిరించినవి. వేరే సరుకు ఏదీ కలవలేదు. తప్పు మొత్తం నా కంట్లోంచే బయలుదేరింది. చెల్లి చెయ్యని తప్పు ఒప్పుకుంది.

ఆ రెండు అట్టలూ సంచిలో వేసుకొని బస్సెక్కాను.

దుకాణం సన్నగా, పొడుగ్గా ఉంది. చెల్లి చిన్న నిచ్చెన మీద నిలబడి దారపు ఉండలు సర్దుతోంది. దాని జుట్టు నెరిసిపోయింది. నన్ను చూసి దిగి, నిన్న మొన్న కలిసినట్టు, "కూర్చో," అంది. నల్లకళ్ళజోడు చూసి, "ఎప్పుడు చేయించుకున్నావు?" అని అడిగింది.

"తొమ్మిది రోజులైంది. ఒక కంటికే."

"చుక్కలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నాను." అట్టలు తీసి దాని ముందు పెట్టాను. "రెండోది పచ్చబడింది," అన్నాను.

అది అట్టల వైపు చూడను కూడా లేదు.

"నా కళ్ళు పాడయ్యాయని నీకు అప్పుడే తెలుసా?"

"గోడని సున్నం అన్నప్పుడు అనుమానం వచ్చింది. తర్వాత నీ నల్ల గొడుగుని ముదురు నీలం దారంతో కుట్టుకున్నావు. అప్పుడు ఖాయమైపోయింది."

"మరి తప్పు నీ మీద ఎందుకేసుకున్నావే?"

"నీకు కళ్ళు సరిగ్గా లేవని తెలిస్తే ఆ గదిలో ఉంచుతారా? ఆ గది తప్ప నీకింకేముంది? నేనంటే బొత్తాలు అమ్మైనా బతుకుతాను."

కంట్లో నీళ్ళు పడకూడదని డాక్టరమ్మ చెప్పింది గానీ, లోపలి నుంచి వచ్చే నీళ్ళ సంగతి చెప్పలేదు. కళ్ళజోడు కింద తుడుచుకుంటూ, "రేపు మేనేజరుకి అంతా చెప్పేస్తాను," అన్నాను.

"చెబితే ఇద్దరి ఉద్యోగాలూ పోయినట్టవుతుంది. ఒకరిదైనా ఉండనీ."

"నీ పేరు అక్కడ అలా ఉండగా నేను ఆ కోటు తొడుక్కోలేనే."

"నీ ఇష్టం."

"చెప్పేశాక ఇంటికి వచ్చెయ్యి."

"రానక్కా."

అది అంత మామూలుగా అనేసరికి నాకు వెంటనే అర్థం కాలేదు. "ఇంకా కోపం పోలేదా?" అన్నాను.

"ఉద్యోగం పోయిందని కోపం ఎప్పుడూ లేదు. అది నేను కావాలని వదులుకున్నదే. మిల్లులో అందరూ నమ్మాలనే అలా చెప్పాను, నమ్మారు. ఇంటికొచ్చాక నువ్వు అడుగుతావనుకున్నాను. నిజంగా నువ్వేనా చేసింది అని, ఒక్క మాట. పదకొండు రోజులు చూశాను. నన్ను పెంచింది నువ్వు. నేను అలా పని చేసే మనిషిని కానని నీకు తెలీదా?"

"నాకు కనపడలేదే," అన్నాను.

"దానికి కళ్ళెందుకు?" అంది.

అప్పుడే ఒకాయన కోటు ముక్క పట్టుకొని వచ్చి, ఇదే రంగు దారం కావాలన్నాడు. చెల్లి మూడు ఉండలు తీసుకొని గుమ్మంలోకి, ఎండ వెలుగులోకి వెళ్ళింది. ఒకటి గుడ్డ మీద పెట్టి చూసి పక్కన పెట్టేసింది. రెండోదీ పక్కన పెట్టేసింది. మూడోదాని కొస లాగి, గుడ్డ మీద పరిచి చూసింది. నేను కుర్చీలోంచే ఎడమ కన్ను మూసి చూశాను. ఎక్కడ గుడ్డ అయిపోయిందో ఎక్కడ దారం మొదలైందో తెలియడం లేదు. ఇన్నేళ్ళలో అది చేసిన పనిలో తప్పులు వెతికాను తప్ప, బాగుందని ఒక్కసారీ అనలేదు.

"సరిపోయింది," అన్నాను.

చెల్లి నా వైపు చూడకుండా దారాన్ని కాగితంలో చుడుతూ, "తెలుసు," అంది.