పేట దగ్గర వెలగని బుగ్గ

నేను ఒక ఎర్రబుగ్గని. మంత్రిగారి కారు నెత్తినెక్కి గిరగిరా తిరుగుతూ, దారిన పోయేవాళ్ళందరినీ పక్కకు తప్పుకోమని బెదిరించినదాన్ని. నాతోపాటు ఒకే కార్ఖానాలో పుట్టినవి కొన్ని అంబులెన్సుల మీదికి వెళ్ళాయి. వాటి బతుకు ధన్యం!

నా మొదటి మంత్రి పెసరట్టు తినడానికి వెళ్ళినా నన్ను తిప్పించేవాడు. అసెంబ్లీలో బలం చాలక ప్రభుత్వం కూలింది. ఆయన మాజీ అయ్యాడు. నేను మాత్రం ఆ కారు మీదే ఉండిపోయాను.

తర్వాత ఆ కారెక్కింది మత్స్యశాఖ మంత్రి నూకరత్నంగారు. రేవుపేటలో చేపలతట్ట మోసిన తల్లి కడుపున పుట్టిన మనిషి. గవర్నరుగారి ముందు ప్రమాణం చేసి వచ్చి, డ్రైవరు సత్తార్‌తో నవ్వుతూ అంది: "రెండు ప్రమాణాలు సేయించారయ్యా. నాయంగా పనిసేస్తానని ఒకటి, లోపల ఇన్నది బయట సెప్పనని ఇంకోటి. ఆ రెండోది దేనికో ఏటో!"

దేనికో ఆరు నెలలు తిరక్కుండానే తెలిసింది. రేవుపేట దగ్గర ఓడరేవు కట్టాలన్న ప్రతిపాదన మంత్రివర్గం ముందుకొచ్చింది. అది కడితే పేటవాళ్ళు పడవలు దించే ఇసుక కూడా మిగలదు. సమావేశం ముగించుకుని వచ్చిన ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

"గొంతు సించుకున్నాను సత్తార్. ఒక్కరూ ఇన్నేదు. గదిలో ఎంతయినా వాదించు, తలుపు దాటాక మనందరిదీ ఒకటే మాట, కాదంటే రాజీనామా ఇచ్చి ఎల్లిపొమ్మన్నారు ముఖ్యమంత్రిగారు. ఈ మాట నీ నోట రానీకు."

"ఇచ్చేస్తారా మేడమ్?"

ఆమె ఇవ్వలేదు. పదవిలో ఉంటే పేటకు నాలుగు ఇళ్ళయినా ఇప్పించగలనని తనకు తాను సర్దిచెప్పుకుందేమో. మనుషులు తమకు తాము భలే సర్దిచెప్పుకుంటారు లెండి!

మరుసటి వారం అసెంబ్లీలో ప్రతిపక్షం నిలదీసింది. ప్రశ్న మత్స్యకారుల బతుకు గురించి, ఆ శాఖ ఆమెది కాబట్టి జవాబూ ఆమే చెప్పాలి. వాళ్ళు అడిగినవన్నీ ఆమె ఆ గదిలో అడిగినవే. తన ప్రశ్నలకు తనే జవాబు చెప్పి, కారెక్కి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆదివారం పేటకు వెళ్ళాం. నేను తిరుగుతూనే ఉన్నాను. ఆమె పెద్దమ్మ ఎర్రమ్మ కారుకు అడ్డంగా నిలబడింది.

"నువ్వు ఆడే ఉన్నావు గదే! వద్దని ఒక్క ముక్కయినా అన్నేదా?"

సత్తార్ నోరు తెరవబోయాడు. నూకరత్నంగారు కళ్ళతోనే వారించింది.

"అందరం కలిసే ఒప్పుకున్నాం, పెద్దమ్మా."

ఎర్రమ్మ తిట్టలేదు. "వద్దని ఓడిపోయొచ్చానని సెప్పుంటే నిన్ను కావలించుకుని ఏడ్చీదాన్నే" అని పక్కకు తప్పుకుంది. కారు కదిలింది.

అయ్యో, ఎంత పాపం! నిజం తెలిసి కూడా తిరగడం తప్ప ఏమీ చేతకానిదాన్ని. అప్పట్నుంచి పేట మలుపు రాగానే ఆమె "బుగ్గ ఆపెయ్యి సత్తార్" అనేది. మలుపు దగ్గరే కాసేపు ఆగి, దిగకుండానే వెనక్కి తిప్పించేది.

ఏళ్ళు గడిచాయి. ఎన్నికల్లో ఆమె ఓడింది. కొంతకాలానికి మంత్రుల కార్లకు బుగ్గలు తీసేయమని ఉత్తర్వు వచ్చింది. నన్ను ఊడదీసి మోటారు షెడ్డులో తుక్కు కుప్ప మీద పడేశారు. మొన్న సత్తార్ వచ్చి, అక్కడి మెకానిక్‌కు చెబుతుంటే విన్నాను.

"మేడమ్ ఫోన్ చేశారు. 'ఇప్పుడు నాకు పదవీ నేదు, బుగ్గా నేదు, పెద్దమ్మకి ఆ రోజు సంగతి సెప్పేస్తాను, తీసుకెల్లు' అన్నారు. తీసుకెళ్ళాను."

"మరి చెప్పారా?"

"ఎవరికి చెబుతారు? అక్కడ ఓడరేవు ఉంది. పేట లేదు."