అత్తయ్య పదకొండో నిమిషం

బుధవారం సాయంత్రం నాలుగూ నలభైకి నా ఫోను టింగుమంది. మా మేడం మెసేజ్.

"రెండొందల పద్నాలుగు పరీక్షలూ పాస్. కొత్త వెర్షన్ విడుదల శుక్రవారం మధ్యాహ్నం. నీ సెలవు ఖాయం. సముద్రాన్ని అడిగానని చెప్పు."

నేను కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే గిర్రున రెండు చుట్లు తిరిగాను. ఆఫీసు కుర్చీలకి చక్రాలు ఇందుకే పెట్టి ఉంటారు. పక్క టేబులు దగ్గర, మేమంతా తుఫాను అని పిలిచే కుర్రాడు తల ఎత్తకుండానే, "నక్కతోక తొక్కావు పెళ్లికూతురా" అన్నాడు.

నాకు పెళ్లయి ఇరవై మూడు రోజులు. ఇరవై మూడు అని ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను, లెక్క పెట్టుకోవడం నాకు సరదా. ముహూర్తం సరిగ్గా విడుదల నెలలో వచ్చిపడింది కాబట్టి పెళ్లికి రెండు రోజులే సెలవు దొరికింది. ఊరెళ్లడం వాయిదా. విడుదల అయిపోతే శుక్రవారం సాయంత్రం రైలు, ఎదురెదురు కిటికీ సీట్లు, నాలుగు రోజులు సముద్రం. విడుదల ఆగితే సెలవూ ఆగుతుంది, అది మేడం ముందే చెప్పిన షరతు. టికెట్లు మా ఆయన కళ్లజోడు పెట్టెలో మడిచి దాచాడు. ఆయన కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. విలువైనవన్నీ కళ్లజోడు పెట్టెలోనే ఉండాలని ఆయన సిద్ధాంతం. నేను కూడా పట్టే పెట్టె ఉంటే బాగుండునన్నాడొకసారి. తిట్టానుగానీ, ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉన్నాను.

నా ఉద్యోగం ఏమిటో మొదట ఆయనకి అర్థం కాలేదు.

"అంటే, రోజంతా కంప్యూటర్ ఆన్ చేస్తావా?"

"అవును."

"ఆన్ అయ్యాక?"

"మొత్తం తుడిచేసి మళ్లీ ఆన్ చేస్తా."

"దీనికి జీతం కూడా ఇస్తారా?"

ఇస్తారు. మా కంపెనీ కంప్యూటర్లకి ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేస్తుంది. దాన్ని కొత్తగా ఎక్కించిన మెషీను మొదటిసారి ఆన్ చేయగానే ఒకదాని తరవాత ఒకటి ఎనిమిది తెరలు వస్తాయి. ఏ భాష కావాలి, ఏ కీబోర్డు, ఒప్పందానికి సరేనా, వైఫై ఏది, టైమెంత, మీ పేరేమిటి, పాస్‌వర్డ్ ఏం పెట్టుకుంటారు, చివరికి స్వాగతం. కొత్త ఇంట్లోకి వచ్చినవాళ్లకి స్విచ్చులు ఎక్కడున్నాయో చూపించినట్టన్నమాట. ఆ ఎనిమిది తెరల్లో ఎవరూ ఎక్కడా తట్టుకుని పడకుండా చూడటం మా పని.

రోజుకి ముప్పై సార్లు చేస్తే ఎవరికైనా చేతివేగం వస్తుంది. మాకు పందెం వచ్చింది. గోడమీద బోర్డు పెట్టుకుని ఎనిమిది తెరలూ ఎవరెంత త్వరగా దాటితే వాళ్ల పేరు పైన రాసుకునేవాళ్లం. తుఫానుకి ఆ పేరు అందుకే వచ్చింది. తొంభై ఒక్క సెకన్లు! పేరు అడిగిన చోట ఒక్క అక్షరం కొడతాడు, పాస్‌వర్డ్ అడిగిన చోట అదే అక్షరం ఎనిమిది సార్లు. ఒప్పందం తెర ఏ రంగులో ఉంటుందో కూడా అతనికి తెలియదు. నాది తొంభై ఎనిమిది. బోర్డు నెత్తిన "ఆలస్యం అమృతం విషం" అని రాసింది నేనే.

మేడం పెట్టిన ఆనవాయితీ ఒకటుంది, ఇంటి పరీక్ష. ప్రతి విడుదలకి ముందు మాలో ప్రతి ఒక్కరూ ఒక మెషీను ఇంటికి తీసుకెళ్లాలి. కంప్యూటర్ తెలియని ఇంటి మనిషి దాన్ని ఆన్ చేస్తుంటే, మనం చేతులు కట్టుకుని చూడాలి. చివర్లో ఆ మనిషి ఫారం మీద సంతకం పెట్టాలి. మంచి ఆనవాయితీ. కాకపోతే ఎవరూ పాటించేవాళ్లు కాదు. తుఫాను వాళ్ల అమ్మమ్మ ఇప్పటికి ఆరు విడుదలలు పాస్ చేసింది, పాపం ఆవిడకి ఆ సంగతే తెలియదు. మా అక్క సంతకం నేనే రెండుసార్లు పెట్టాను. ఈసారి కూడా వంటింట్లో నిలబడి తొంభై ఎనిమిది సెకన్లలో ముగించి, సూట్‌కేసు సర్దుకుందామనుకున్నాను.

మా అత్తయ్య ఉండగా అలాంటివి సాగవని ఇరవై మూడు రోజుల్లో నేర్చుకోవలసింది.

అత్తయ్య ముప్పై ఒక్కేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. రిటైరై నాలుగేళ్లయినా చేతిలోంచి ఎర్ర పెన్సిల్ దిగలేదు. సబ్బు పెట్టె, మందు సీసా, బస్సు టికెట్టు వెనకాల ఉండే నిబంధనలు, అన్నీ చదువుతారు. మా పెళ్లి కార్డు మూడుసార్లు ప్రెస్సుకి తిరిగెళ్లింది. మూడోసారి ప్రెస్సాయన ఫోన్ చేసి, "అమ్మా, పెళ్లి కార్డు మీద జరుగుతుందా, పీటల మీదా?" అని అడిగాడట.

తలుపు తీస్తూనే నా భుజానున్న సంచీ చూశారు.

"ఏమిటది, అంత బరువుగా?"

"ఆఫీసు మెషీను అత్తయ్యా. ఇంట్లో ఎవరైనా ఒకసారి ఆన్ చేసి చూడాలి. ఊరికే, ఒక సంతకం అంతే."

"సంతకమా? కొరియర్ కాగితం మీదైనా చదవకుండా పెట్టలేదే నేను!" అంటూ అప్పటికే భోజనాల బల్ల తుడిచేస్తున్నారు. "రా, పెట్టు. నేనే చేస్తాను."

చేసేదేముంది, పెట్టాను. ఆన్ బటన్ చూపించి చేతులు కట్టుకున్నాను. అత్తయ్య కళ్లజోడు సవరించుకుని భాష ఎంచుకున్నారు. కీబోర్డు ఎంచుకున్నారు. మూడో తెర, ఒప్పందం వచ్చింది, మొదటి పేజీలోనే తెర నిండా చీమల్లాంటి అక్షరాల్లో పాతిక పేరాలు.

"మొత్తం ఎన్ని పేజీలు?"

"అదెవరూ చదవరు అత్తయ్యా. కింద 'సరే' నొక్కితే చాలు."

ఆవిడ నా వైపు చూసిన చూపు నేను మళ్లీ చూడాలనుకోవడం లేదు. పాత క్యాలెండర్ కాగితం ఒకటి చింపి వెనక్కి తిప్పారు. ఎర్ర పెన్సిల్ బయటికొచ్చింది.

మొదటి నిమిషంలో నా వేళ్లు దురద పెట్టాయి. మూడో నిమిషంలో చేతులు చంకల్లో పెట్టుకున్నాను. అయిదో నిమిషానికి మా ఆయన దుకాణం నుంచి వచ్చాడు. చొక్కా మీద అద్దాల పొడి, చేతిలో కొత్త స్నానం తువ్వాళ్లు రెండు. సముద్రానికి! ఒకటి నీలం, ఒకటి పసుపు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది, ఆపుకున్నాను.

"ఏం జరుగుతోంది?" అన్నాడు గుసగుసగా.

"మీ అమ్మగారు చదువుతున్నారు."

"అయ్యో. నీళ్లూ అవీ దగ్గర పెట్టావా? ఒకసారి మొదలెడితే లేవదు."

"నాకు వినిపిస్తోందిరా," అన్నారు అత్తయ్య, కాగితం మీదే చూపు పెట్టి రాసుకుంటూ. "పన్నెండో పేరాలో ఒక్క వాక్యం ఏడు లైన్లు. రాసినవాడికి ఊపిరి ఎలా ఆడిందో!"

మరి కాసేపటికి తలెత్తి, "ఇదేమిటి, ఆరిపోయింది?" అన్నారు.

తెర నల్లగా ఉంది. గోడ గడియారం చూశాను. పదకొండో నిమిషం.

"ఏం కాలేదు అత్తయ్యా, కాసేపు ముట్టుకోకపోతే అలా పడుకుంటుంది. ఏదో ఒకటి నొక్కండి."

నొక్కారు. తెర వెలిగింది. దాని మీద ఒక తాళం బొమ్మ, కింద ఒక గడి: పాస్‌వర్డ్ టైప్ చేయండి.

"ఏ పాస్‌వర్డు?"

"మీది..." అని ఆగిపోయాను.

"నాదా? నేనింకా పెట్టుకోలేదుగా. ఇంకా నా పేరే అడగలేదు!"

పాస్‌వర్డ్ పెట్టుకునేది ఏడో తెరలో. అత్తయ్య మూడో తెరలో ఉన్నారు. పది నిమిషాలు ముట్టుకోకపోతే తాళం పడటమనేది ఈ విడుదలలో కొత్తగా పెట్టిన జాగ్రత్త. తాళం ఎప్పుడు పడాలో చూశాంగానీ, తాళంచెవి చేతికివ్వక ముందే పడకూడదని ఎవరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? రెండొందల పద్నాలుగు పరీక్షల్లో ఏ ఒక్కదాంట్లోనూ ఆ ఎనిమిది తెరల దగ్గర మేం పది నిమిషాలు కూర్చోలేదు. రెండు నిమిషాలు కూర్చున్నవాణ్ణి కూడా బోర్డు కింద నిలబెట్టి ఏడిపించాం.

"పవర్ బటన్ గట్టిగా నొక్కిపట్టుకుని ఆపేసి, మళ్లీ ఆన్ చేస్తే మొదటినుంచీ వస్తుంది," అన్నాను నీరసంగా.

"ఆ సంగతి కొనుక్కున్నవాళ్లకెవరు చెబుతారు? నువ్వేమో ఊళ్లో ఉండవు."

ఊళ్లో ఉండవు అనగానే నా చూపు తువ్వాళ్ల మీదికి పోయింది. అత్తయ్య దాన్ని కూడా చదివేశారు.

"ఇది చెబితే మీ విడుదల ఆగుతుందా?"

"ఆగుతుంది అత్తయ్యా."

"మరి ప్రయాణం?"

మా ఆయన తువ్వాళ్లు మడతపెట్టడం మొదలుపెట్టాడు, అప్పటికే మడతలోనే ఉన్నవాటిని.

అత్తయ్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తరవాత చేయి చాపారు. "ఆ ఫారం ఇలా ఇవ్వు. సంతకం పెట్టేస్తాను."

"అమ్మా! చదవకుండానే?" అన్నాడు ఆయన.

"నోర్ముయ్యరా. పిల్లలు పెళ్లయ్యాక ఎక్కడికీ వెళ్లనేలేదు. కొన్ని చదవకుండా వదిలేస్తేనే మంచిది."

ఆ చేయి అలా చాచే ఉంది. కొరియర్ కాగితాన్నే వదలని మనిషి, నాకోసం! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నా చేతిలో ఫారం, అవతల సముద్రం. ఆ సంతకం ఒక్కటి పడితే చాలు. ఆ తరవాత ఎక్కడో ఎవరి అత్తయ్యో బల్ల దగ్గర కూర్చుని, తను పెట్టని పాస్‌వర్డ్ కోసం తన బుర్రని తనే తిట్టుకుంటుంది.

ఫారం మడిచి సంచీలో పెట్టేశాను.

"వద్దు అత్తయ్యా. మీ సంతకం ఖరీదు నాకు తెలుసు."

"నాకూ తెలుసు," అన్నాడు మా ఆయన. "తొమ్మిదో తరగతిలో మార్కుల కార్డు మీద దొంగతనంగా పెట్టాను. సంతకంలో సున్నా చుట్టడం సరిగ్గా రాలేదని మళ్లీ పదిసార్లు రాయించింది." ఆ తరవాత నాకు మాత్రమే వినబడేలా, "ఫోన్ చెయ్. రైళ్లు రోజూ ఉంటాయి," అన్నాడు. ఆ క్షణంలో ఆయన్ని నిజంగానే పెట్టెలో పెట్టి దాచుకోవాలనిపించింది.

మేడంకి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అటువైపు కీబోర్డు మీద ఏదో వెతుకుతున్న చప్పుడు.

"ఇంతకుముందు ఎవరింట్లోనూ ఇన్ని నిమిషాలు పట్టలేదేం?" అన్నారు చివరికి. "మీ అక్క రెండుసార్లు చేసిందిగా?"

"మా అక్క చెయ్యలేదు మేడం. ఆ సంతకాలు నావి."

"ఊఁ. తుఫాను వాళ్ల అమ్మమ్మ?"

"ఆ సంగతి అమ్మమ్మగారినే అడగాలి మేడం."

అటువైపు చిన్న నవ్వు వినిపించినట్టే ఉంది, తిట్టు కూడా కావచ్చు. "సరే విను. మరమ్మతు చిన్నదే. సెటప్ పూర్తయ్యేదాకా తాళం పడకుండా చూస్తే చాలు, పొద్దునకల్లా కొత్త కాపీ వస్తుంది. కానీ మళ్లీ అంతా చూడాలి. ఒక్కో తెర దగ్గర పదకొండు నిమిషాలు, ఏదీ ముట్టుకోకుండా. రేపు సాయంత్రానికి తేలితే శుక్రవారం విడుదల, నీ రైలు నీది. తేలకపోతే రెండూ లేవు. అసలు మనవాళ్లలో పదకొండు నిమిషాలు కుదురుగా కూర్చునేవాళ్లెవరు చెప్పు? తుఫానుకి నిద్రలో కూడా వేళ్లు ఆడుతూనే ఉంటాయి."

ఆ మాట పూర్తవుతుండగానే అత్తయ్య కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. ఫోను తన వైపు తిప్పుకున్నారు.

"నమస్కారమమ్మా, నేను అత్తగారిని. మీ ఒప్పందంలో ఇప్పటికి పదకొండు తప్పులు దొరికాయి, ఇంకా సగం ఉంది. ప్రెస్సులో నాతోపాటు పనిచేసిన వాళ్లు ఇద్దరున్నారు. ఒకామె నాకన్నా నెమ్మది, ఇంకొకామె ఆమెకన్నా నెమ్మది. రేపు తొమ్మిదింటికల్లా ముగ్గురం వస్తాం. గట్టి కుర్చీలు వేయించండి, దీపం ఎడమవైపు ఉండాలి. టీ పదకొండింటికి. ఇంకో మాట, మీ తుఫానుని మా పక్కన కూర్చోబెట్టండి. చేతులు కట్టుకుని."