జాకీ దించిన చెయ్యి

"అరవద్దే, ఈదంతా వింటాది," అంది చిక్కమ్మ, లారీ పక్కన గొంతుక్కూర్చుని.

కోడలు కల్పన అరవడం లేదు. అరవాలంటే ఊపిరి ఆడాలి. ఇంటి ముందు నిలిపిన మినీ లారీ కింద ఆమె వెల్లకిలా పడి ఉంది. గేర్‌బాక్స్‌కూ నేల మీది కొయ్యదిమ్మెకూ మధ్య ఆమె కుడిచెయ్యి ఇరుక్కుపోయింది. వేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. వెచ్చగా ఏదో మోచేతి దాకా కారుతోంది.

"జాకీ ఎత్తు మామా!"

"ఉండు. రాడ్డు యాడుందో సూస్తాండా," అన్నాడు మొగుడు.

రాడ్డు అతని చేతిలోనే ఉంది. కింద నుంచి ఆమెకు కనిపిస్తున్నవి రెండే, అతని మోకాళ్లు, ఆ రాడ్డు.

టమాటా లోడుతో పుంగనూరు దాటాక క్లచ్ కాలిపోయిన రోజు నుంచి నేరం ఆమెదే. పోయిన నెల వానలో బండి నీళ్ల పైపు మీద నిలిచిపోతే, తాగి పడుకున్న మనిషి లేవకపోతే, తనే తాళం తిప్పి నాలుగడుగులు పక్కకు జరిపింది. అంతే. "ఆడదాని కాలు పడింది, బండి సచ్చింది," అని చిక్కమ్మ నిమ్మనపల్లెలో చెప్పని గడప లేదు. "షెడ్డుకు యాల? చెడగొట్టినదాంతోనే బాగు చేపిస్తా," అన్నాడు అతను. నట్లు విప్పింది ఆమె, డీజిల్లో కడిగింది ఆమె. మధ్యలో లేచి చేతులు తోముకుని సంగటి గెలికి, ఉప్పు తక్కువని తిట్లు తిని, మళ్లీ బండి కిందికి దూరిందీ ఆమే. బాక్సులు ఎత్తడానికి కుప్పం మార్కెట్టుకు వెంట పోతే, ఎవరీమె అని అడిగిన వాళ్లను "క్లీనరు, జీతం లేదు" అని నవ్వించేవాడు. ఆ నవ్వులో తనూ కలిసి నవ్వేది. నవ్వకపోతే తిరుగుదారిలో ఏమవుతుందో ఆమెకు తెలుసు.

ఈ మధ్యాహ్నం మాత్రం నిజంగానే నవ్వు వచ్చింది. దింపిన గేర్‌బాక్స్ పక్కన పడున్న పాత క్లచ్ ప్లేటును పక్కింటి వెంకటప్ప తిప్పి చూశాడు. ట్రాక్టరు తోలీ తోలీ తల నెరిసిన మనిషి. "ఇది ఒక పొద్దులో అరిగింది కాదప్పా. క్లచ్ మీంద కాలు తీయకుండా తోలినోడి పని. ఎవురిదీ కాలు?" అన్నాడు. అరుగు మీద నుంచి చిక్కమ్మ కోడలి వైపు చెయ్యి చూపింది. "పొయ్యి కాడ నుంచి తోలిందా ఏమి?" అంటూ వెంకటప్ప పగలబడి నవ్వాడు. కల్పన నోరు మూసుకునేలోపే నవ్వు జారిపోయింది.

ఆ నవ్వు మొగుడి కంట పడింది. వెంకటప్ప వెళ్లాక కొత్త ప్లేటు బిగించారు. గేర్‌బాక్స్‌ను జాకీ మీద పైకి లేపారు. "కింద చెయ్యి పెట్టి నెట్టు," అన్నాడు. పెట్టింది. అతని వేళ్లు జాకీని కిందికి దించే వాల్వు దగ్గరికి రావడం, దాన్ని తిప్పడం ఆమె చూసింది.

ఇప్పుడు అతను లారీ కిందికి వంగి ఆమె మొహంలోకి చూశాడు.

"ఇంగ నగు," అన్నాడు. ఆ తర్వాతే జాకీ లేపాడు.

మదనపల్లె ఆస్పత్రి దాకా ఆటోలో చిక్కమ్మ ఒకటే పాఠం. "జాకీ జారిందని చెప్పు. వాడు లోపలికి పోతే నీకు దిక్కెవురు?"

డ్యూటీ డాక్టర్ శ్వేత గుడ్డ విప్పి చూసింది. రెండు వేళ్లు తీసేయాల్సిందే అంది. "ఎలా జరిగింది?"

"పాత జాకీ మేడమ్. జారింది," అన్నాడు మొగుడు.

"నేను ఆమెను అడుగుతున్నాను."

"జారలేదు మేడమ్. దించినారు," అంది కల్పన.

"ఎవరు?"

మొగుడి మొహంలో రంగు మారింది. చిక్కమ్మ మాత్రం బెదరలేదు. "అది చెప్పదులేమ్మా. మా ఇండ్లల్లో ఆడోళ్లు మొగుని పేరు పలకరు," అంది గర్వంగా.

అది నిజం. పేరు పలికితే మొగుడికి ఆయుష్షు తరుగుతుందని పెళ్లైన కొత్తలోనే నేర్పింది అత్త. రేషన్ షాపులో, కూతురి బళ్లో, ఎవరైనా అడిగితే పక్కనున్న వాళ్లతో చెప్పించేది. అతని ఆయుష్షును ఇన్నేళ్లు తన నాలుక మీద పెట్టుకుని మోసింది. ఆ మనిషి ఆమె చేతిని దిమ్మె మీద పెట్టించి వాల్వు తిప్పాడు. తీసేయాల్సిన ఆ రెండు వేళ్లు సలుపుతున్నాయి. ఆయుష్షు తరుగుతుందా? తరగనీ.

ఆమె డాక్టర్ వైపు కాదు, మొగుడి వైపు చూసింది.

"శివశంకర్," అంది. వార్డంతా వినబడేలా మళ్లీ అంది. "జాకీ దించింది శివశంకర్."