రావద్దన్న బడి

టీచర్లకు పాఠాలు చెప్పే కాలేజీలో ప్రొఫెసరుగా రిటైరైన ఆవిడను కూతురే తన బడికి పిలిచింది. కూతురు అక్కడ హెడ్‌మిస్ట్రెస్. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, తనకు అమ్మాయిలంటేనే ఇష్టమని స్నేహితురాలితో చెప్పుకుంది. సాయంత్రానికల్లా బడంతా గుప్పుమంది. ఆ తర్వాత ఎవరూ ఆమె పక్కన కూర్చోలేదు. బాత్‌రూము గోడల మీద రాతలు మొదలయ్యాక ఆ పిల్ల బడికి రావడమే మానేసింది.

అలాంటి పిల్లలతో ఎలా మెలగాలో ఆవిడ చెబుతుంటే స్టాఫ్‌రూములో టీచర్లు చేతులు కట్టుకుని విన్నారు. చివరికి సైన్సు మాస్టారు నోరు విప్పాడు.

"లేనిపోనివి మనమే పిల్లల బుర్రల్లోకి ఎక్కించినట్టవదూ మేడమ్?"

"ఆ పిల్లకి మీలో ఎవరు ఎక్కించారు నాయనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"మెచ్చుకోమని అడగట్లేదు. ఏడిపిస్తుంటే చూస్తూ ఊరుకోకండి. అలాంటి పిల్లలు మీ క్లాసులో ఉన్నారని గుర్తుపెట్టుకుని మాట్లాడండి. అంతే."

ఈ సంగతి ఇళ్ళకు పాకింది. తల్లిదండ్రులు గేటు ముందు గుమిగూడి, ముసలావిడ పిల్లల్ని చెడగొడుతోందని కేకలేశారు. యాజమాన్యం కూతుర్ని పిలిచి నానా మాటలూ అంది.

ఇంటికి రాగానే కూతురు చెప్పులైనా విడవకుండా కుర్చీలో కూలబడింది.

"ఇంక మా బడికి రాకమ్మా. నీకేం, నాలుగు మాటలు చెప్పి వచ్చేస్తావు. వాళ్ళ ముందు నిలబడాల్సింది నేను."



మర్నాడు ప్రొఫెసరు ఆ పిల్ల ఇంటికి వెళ్ళింది. తల్లి తలుపు సగమే తీసింది.

"మీ పుణ్యమా అని ఇప్పుడు వీధి వీధంతా మా గురించే. మా మానాన మమ్మల్ని వదిలేయండి."

వెనక నుంచి పిల్ల గొంతు వినిపించింది. "అమ్మా, నేను చదువుకోవాలి. ఆ బడిలో మాత్రం కాదు."

తల్లి తలుపు పూర్తిగా తీసింది.

ముగ్గురూ కలిసి బళ్ళ చుట్టూ తిరిగారు. ఊరి చివరి బడిలో ప్రొఫెసరు దగ్గర చదువుకున్నాయనే ప్రిన్సిపాల్. సీటిస్తానన్నాడు.

"కానీ మేడమ్, ఆ విషయం ఇక్కడ ఎవరూ ఎత్తకూడదు. పాపైనా, మీరైనా."

ప్రొఫెసరు వాదించబోయింది. పిల్ల ఆవిడ చెయ్యి పట్టుకుంది. "సరే అనండి, ప్లీజ్." ఆవిడ సరేనంది.

ఇల్లు చేరేసరికి కూతురు గుమ్మంలోనే ఎదురైంది. "దొరికిందా?"

"దొరికింది."

"మరి ఆ మొహమేంటి?"

"నోరు మూసుకోమ్మా అని ఆ పిల్లకి నేనే చెప్పొచ్చినట్టుందే."



"మా బళ్ళో ఆ మాత్రం చోటు కూడా లేకపోయిందిగా," అని, కూతురు తల్లి భుజం మీది సంచీ అందుకుంది.